అంచు నుంచి కుట్టిన సంచి

పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను స్టూలు మీద ఉన్నాను, మా ఆయన స్టూలు పట్టుకుని ఉన్నారు. కొత్త ఇంటికి కొత్త కర్టెన్లు తగిలిస్తున్నాం. నిజానికి ఆ స్టూలు కదలదు, పట్టుకోవాల్సిన పనీ లేదు. అయినా ఆయన పట్టుకున్నారు, నేనూ వద్దనలేదు. పెళ్ళయి రెండు నెలలు కూడా నిండని ఇంట్లో ఇలాంటి పనులు చాలా ఉంటాయి.

పిన్ని అంటే నా హాస్టల్ స్నేహితురాలు ఎలక వాళ్ళమ్మ. ఫోను స్పీకర్లో పెట్టాను. ఎలకని రేపు ఇంటికి పంపించేస్తామని ఆస్పత్రిలో చెప్పారట. ఇక సూదులూ సెలైన్లూ ఏమీ లేవట. పథ్యం కూడా లేదట, ఏది తినాలంటే అది పెట్టమన్నారట.

నేను స్టూలు మీద నుంచే గెంతాను. కర్టెన్ ఆయన మీద పడింది, కర్టెన్ మీద నేను పడ్డాను. ఆయన ఆ పూల గుడ్డలోంచి తల బయటపెట్టి, తగ్గిందని చెప్పారా అని అడిగారు. తగ్గకపోతే ఇంటికెందుకు పంపిస్తారు, మీరు మరీను, అన్నాను. ఆయన కింద పడ్డ కర్టెన్ని నాలుగు మూలలూ కలిపి మడతపెట్టడం మొదలుపెట్టారు. అది మడతపెట్టాల్సింది కాదు, తగిలించాల్సింది. ఆ మాట చెప్పి నవ్వాను కూడా.

హాస్టల్లో చదువు అయ్యేదాకా నాదీ ఎలకదీ ఒకటే గది. ఎక్కడ గుడ్డముక్క కనిపించినా లాక్కొచ్చి తన పెట్టెలో దాచేది కాబట్టి ఆ పేరు. దర్జీ కొట్టు ముందు నుంచి నడిస్తే ఆమె కళ్ళు నేల మీదే ఉండేవి. ఆ ముక్కలన్నీ అతికి, లోపల దూది పరిచి, అడుగున ఇంకో గుడ్డ వేసి, బొంత కుట్టినట్టు సన్నటి కుట్లతో సంచులు కుట్టేది. మా వార్డెన్‌కి ఒకటి, వంటామెకి ఒకటి, నాకు రెండు. తన భుజానికి మాత్రం ఎప్పుడూ ప్లాస్టిక్ కవరే. నా వాటా పని సూదిలో దారం ఎక్కించడం, టీ పెట్టుకురావడం. ఆ రెండు పనులకే నన్ను అసిస్టెంట్ అని అందరికీ పరిచయం చేసేది.

నా పెళ్ళికి ఆమె రాలేదు, ఆస్పత్రిలో ఉంది. పిన్ని చేత ఆ గుడ్డల పెట్టె పంపింది. మసిగుడ్డలకి పనికొస్తాయి, ఉంచుకోమంది. ప్రాణం కంటే ఎక్కువగా చూసుకున్న పెట్టెని అలా ఇచ్చేస్తే ఎవరైనా ఒక్క నిమిషం ఆలోచిస్తారు. నేను మా ఆయనకి చూపించి మురిసిపోయాను.

ఫోను వచ్చిన పూటే ఆ పెట్టె తెరిచాను. లేచి తిరిగే మనిషికి సంచి కావాలి కదా. మందులకో అర, కళ్ళజోడుకో అర, నీళ్ళ సీసా పట్టేంత వెడల్పు. ఇన్నాళ్ళూ ఊరందరికీ కుట్టినదానికి ఒక్కటైనా ఎదురు కుట్టి ఇవ్వాలి. మా గది కిటికీకి వేసుకున్న నీలం గళ్ళ గుడ్డ దొరికింది. ఉద్యోగం ఇంటర్వ్యూకి ఆమె వేసుకెళ్ళి, టీ ఒలకబోసుకుని వచ్చిన పసుపు కుర్తా దొరికింది. నా చిరిగిన చున్నీ ముక్క ఒకటి. మా ఆయన అంతసేపూ చూసి, లోపలికి వెళ్ళి తన మంచి చొక్కా జేబు కత్తిరించి తెచ్చారు. కళ్ళజోడు అరకి సరిపోతుందన్నారు. జేబు లేని ఆ చొక్కా వేసుకుని మర్నాడు ఆఫీసుకి కూడా వెళ్ళారు. ఆ రోజంతా నాకు పట్టపగ్గాలు లేవు.

రోజూ సాయంత్రం ఆయన ముక్కలు ఇస్త్రీ చేసేవారు, నేను కుట్టేదాన్ని. ఒక వరస తనకీ ఇవ్వమని బతిమాలి, గోనెసంచి మూతి బిగించినట్టు కుట్టి, వేలు పొడుచుకుని, ఆ వేలు నాకే చూపించారు. అంత సంతోషంగా ఉన్నాం మేము ఆ రోజుల్లో.

ముందు వెళ్ళి చూసొద్దామనీ, సంచిదేముంది, తర్వాత ఇవ్వొచ్చనీ ఆయన రెండుమూడు సార్లు అన్నారు. వట్టి చేతులతో ఎలా వెళ్తామని నేనే ఆపాను. పిన్నికి రోజూ ఫోన్ చేసేదాన్ని. నిద్రపోతోందమ్మా అనేది ఆవిడ. పోనివ్వండి పిన్నీ, నిద్రపోతే తొందరగా కోలుకుంటుంది అనేదాన్ని. ఆవిడ సరే అని పెట్టేసేది.

సంచి పూర్తయిన రోజు మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్ళాను. తలుపు తీసిన పిన్ని నా చేతిలో సంచిని చూసింది, నన్ను చూసింది, పక్కకి జరిగింది.

హాలులో సోఫా లేదు. ఆ చోట ఆస్పత్రి మంచం లాంటి ఇనప మంచం వేసి ఉంది, తల వైపు పైకి లేపి. దాని మీద ఎలక ఉంది. నేను చూసి నెల దాటిందేమో. ఆ నెలలో ఎవరో మనిషిని తీసేసి దుప్పటి మాత్రం వదిలేసినట్టుంది. చెంచా పట్టుకోవడానికే కష్టపడే మణికట్టు అది. నీళ్ళ సీసా పట్టేంత సంచి పట్టుకుని నేను గుమ్మంలో నిలబడిపోయాను.

"రావే పెళ్ళికూతురా. మొగుణ్ణి వదిలిపెట్టి రావడానికి ఇన్నాళ్ళు పట్టిందా?" అంది.

గొంతు మాత్రం అదే. దాన్ని పట్టుకుని లోపలికి నడిచాను.

సంచి ఆమె ఒళ్ళో పెట్టాను. పసుపు ముక్క మీద వేలు పెట్టి, టీ మరక ఇంకా పోలేదు చూడు అంది. జేబు చూసి బావగారిదా అని అడిగి, నవ్వింది. గోనెసంచి కుట్లు ఆయనవే అని నేను చెప్పకుండానే కనిపెట్టి, నీకంటే ఆయనే నయం, దాపరికం లేదు అంది. తర్వాత సంచి లోపలికి చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, అరచేత్తో అంతా తడిమింది. మధ్యలో చెయ్యి ఆగింది. అక్కడ గుడ్డ ఉబ్బి, ముడతలు పడి ఉంది. నేను చూడలేదని కాదు. దూది ఎక్కువైందేమో అనుకుని, పైన ఇస్త్రీ గట్టిగా నొక్కాను.

"అంచు నుంచి మొదలుపెట్టావు కదూ?"

అవునన్నాను.

"మధ్య నుంచి మొదలుపెట్టాలే. మధ్య నుంచి అంచుకి తోసుకుంటూ పోవాలి. లేకపోతే గుడ్డంతా నెట్టుకొచ్చి ఇదిగో, ఇక్కడ పోగవుతుంది. ఇది సంచిలా లేదు, నెలలు నిండినదానిలా ఉంది. ఇన్నేళ్ళు పక్కనే కూర్చుని ఏం చూశావు?"

అన్నీ చూశాను. దారం ఎంత పొడవు తెంపుతుందో, ముడి ఎక్కడ దాస్తుందో, విసుగొస్తే సూది ఎక్కడ గుచ్చి పెడుతుందో. మొదటి కుట్టు ఎక్కడ వేస్తుందో ఒక్కటే చూడలేదు. నేను టీ పెట్టి తెచ్చేసరికి ఎప్పుడూ సగం వరస అయిపోయి ఉండేది.

కాకిపిల్ల కాకికి ముద్దు, నా సంచి నాకు బాగానే ఉంది, వాడుకోవే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"విప్పు. మొత్తం."

"ఇప్పుడా? తర్వాత ఇంకోటి కుడతాలే."

"నేను ఉండగా విప్పు. తర్వాత నీకు చెప్పేవాళ్ళెవరు?"

ఆ మాట చాలా మామూలుగా అంది, టీలో పంచదార తక్కువైంది అన్నట్టు. గది గదిలాగే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. నాకు మాత్రం ఫోన్లో పిన్ని చెప్పిన ఒక్కో మాటా మళ్ళీ మొదటి నుంచి వినపడింది. ఏది తినాలంటే అది పెట్టండి. ఆయన ఎందుకు కర్టెన్ మడతపెట్టారో అర్థమైంది. నేను కుట్టిన ఒక్కో సాయంత్రం ఇక్కడికి రావాల్సిన సాయంత్రం. వట్టి చేతులతో అయినా.

నీళ్ళు తెస్తానని వంటగదిలోకి వెళ్ళాను. పిన్ని వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఈ వారం గడవడం కూడా కష్టమని చెప్పారమ్మా, అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని బతిమాలింది.

"విప్పొద్దు తల్లీ. విప్పితే మళ్ళీ కుట్టేదాకా పిల్ల ఉండదు. అది నిద్రపోతుందిగా, లేచాక అంతా సరిచేశానని చెప్పు. పూర్తయిన వస్తువు దాని పక్కన ఉండనీ. దానికంటూ ఒక్కటైనా ఉండనీ."

ఆవిడకి అడ్డు చెప్పడం నా తరం కాలేదు. అలాగే అని చెప్పాను. మంచం దగ్గరికి వచ్చి కూర్చునేదాకా అలాగే అనుకున్నాను. ఎలక నిద్రపోలేదు. చెయ్యి ఇంకా సంచి లోపలే ఉంది, ఆ ఉబ్బు మీద. సరిచేశానని ఈ చేతికి ఎవరు చెప్పగలరు?

కత్తెర అడిగాను. పిన్ని చివరికి తెచ్చి నా చేతికివ్వకుండా మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది.

మొదటి కుట్టు తెంపాను. సన్నగా కుట్టానని నన్ను నేనే మెచ్చుకున్న కుట్లు అవి. సన్నటి కుట్టు విప్పడం ఎంత నరకమో కుట్టేటప్పుడు తెలియదు. తీసిన దారం ముక్కల్ని ఎలక అరచేతిలో వేయించుకుంది. కాసేపు చూసింది, కాసేపు మగతలోకి జారింది, మళ్ళీ కళ్ళు తెరిచి ఎంతైందని అడిగింది. దూది బయటపడింది. నీలం గళ్ళు ఊడి వచ్చాయి. కన్నాలు కన్నాలుగా ఉన్న గుడ్డ, దాని కింద అణిగిపోయిన దూది. ఒళ్ళో పెట్టుకుంటే ఏ వస్తువో ఎవరూ చెప్పలేరు. సంచి అనేది ఇక లేదు. మళ్ళీ అవుతుందన్న ఆశ ఆ గదిలో ఎవరికీ లేదు, ఆమెకి అసలే లేదు. అయినా నా చేతులు ఆగలేదు, ఆమె ఆపమనలేదు.

వెలుగు తగ్గి కుట్లు కనిపించడం మానేశాక పిన్ని లైటు వేయడానికి వచ్చింది. వద్దని ఎలక చెయ్యి ఎత్తింది. దారం ముక్కలు దుప్పటి మీద పడ్డాయి.

"ఇవాళ్టికి చాలు," అంది. గొంతు కూడా ఇప్పుడు సన్నబడింది. "రేపు పొద్దున్నే రా. మధ్యాహ్నమైతే నాకు నిద్రొస్తుంది. బావగారి చేత సెలవు పెట్టించు, ముక్కలు ఇస్త్రీ చేస్తారు. అమ్మ దూది పరుస్తుంది. నువ్వు మధ్య నుంచి మొదలుపెడతావు, నేను చూస్తాను."