నార్మల్ గారి రక్తం

ఆయన దర్జీ. చొక్కాలు, ప్యాంట్లు, కోట్లు కుడతాడు. పరిశోధనశాలలో మాత్రం ఆయన్ని అందరూ 'నార్మల్ గారు' అంటారు. గురువారం పొద్దున ఆయన ఇంకా మెట్లెక్కుతుండగానే ఎవరో ఒకరు లోపలికి కేక వేస్తారు. "మేడమ్, నార్మల్ గారొచ్చారు!"

మేడమ్ ఆయన భార్య, బయోకెమిస్టు. రక్తం ఎలా గడ్డకడుతుంది, అందులో కణం పైపొర చేసే పనేమిటి, ఇదే ఆవిడ బతుకంతా చేసిన చాకిరీ. చాకిరీ అనే అంటాను. తెల్లకోటు వేసుకున్నంత మాత్రాన పని పని కాకుండా పోదు. నిలబడి నిలబడి కాళ్ల నరాలు ఉబ్బాయి. చుక్కలు కొలిచే పిపెట్టు నొక్కి నొక్కి కుడి బొటనవేలు వంకరపోయింది.

జబ్బు మనిషి రక్తాన్ని పరీక్షించాలంటే పక్కన ఆరోగ్యవంతుడి రక్తం పెట్టి చూడాలి. లేకపోతే ఏది నెమ్మదో ఏది వేగమో ఎట్లా తెలుస్తుంది? ఆ పోలికకు మేడమ్ ఏళ్ల తరబడి మొగుడి రక్తమే వాడుతోంది. మొదట్లో చాలామంది దగ్గర తీసింది. ఒక్కొక్కరిది ఒక్కో వారం ఒక్కోలా వచ్చేది. ఈయనది మాత్రం ఎప్పుడు తీసినా ఒకటే తీరు. "మీ రక్తమూ మీలాగే. తొందర లేదు, తిప్పలు లేవు" అని మురిసిపోయి గొట్టం మీద 'నార్మల్' అని చీటీ అంటించింది. ఆ చీటీ మనిషికే అంటుకుపోయింది.

ఆయనకు ఆ కుర్చీలో కూర్చోవడం ఇష్టం. ఆవిడ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంటుంది. భుజం కింద రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో రెండు వేళ్లు పెట్టి నరం కోసం వెతుకుతుంది. ఆ నరం ఎక్కడుందో కళ్లు మూసుకున్నా ఆవిడకు తెలుసు. అయినా వెతుకుతుంది. ఆ కాసేపూ ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఇంట్లో ఆ తీరికెక్కడిది? ఆయన కుట్టుమిషను ఆయనది, ఆవిడ మిషన్లు ఆవిడవి.

తన పనేమిటో ఆవిడ ఆయనకు చెప్పింది కూడా ఆ కుర్చీలోనే.

"రక్తంలో పలుకుల్లాంటివి తిరుగుతుంటాయి, ప్లేట్‌లెట్లని. వాటి పైపొర మీరు కుట్టే కోటు లాంటిదనుకోండి. బయట గుడ్డ, లోపల లైనింగు. మామూలప్పుడు లైనింగు లోపలే ఉంటుంది. ఎక్కడైనా గాయమైందా, అవి కోటు తిరగేసుకుంటాయి. లైనింగు బయటికొస్తుంది. రక్తం గడ్డకట్టేది దాని మీదే."

"తిరగేసుకోకపోతే?"

"కారుతూనే ఉంటుంది."

"మా కొట్లో లైనింగు బయటికొస్తే కోటు మొహానే కొడతారోయ్" అన్నాడాయన.

ఆవిడకు పేరు తెచ్చిన పరిశోధన ఆడవాళ్ల మీద. నెలనెలా ఒళ్లు తోడేసినట్టు రక్తం పోయే ఆడవాళ్లు. ఆస్పత్రికి వెళితే "బలహీనతమ్మా, ఆకుకూరలు తిను" అని పంపేసేవాళ్లు. వీళ్ల ప్లేట్‌లెట్లు లైనింగు తిరగెయ్యడంలో ఆలస్యం చేస్తున్నాయేమో అని మేడమ్‌కి అనుమానమొచ్చింది. అంతకుముందు ఎవరికీ రాలేదు, వచ్చే తీరికా లేదు. పరీక్షలు చేసింది. నార్మల్ గారి రక్తంతో పోలిస్తే తేడా కనబడలేదు. కనబడనిది కనబడలేదనే రాసింది. ఆ పేపరు పరిశోధన పత్రికలో అచ్చయింది. డాక్టర్లు దాన్ని కళ్లకద్దుకున్నారు. "మీ రక్తంలో లోపమేం లేదు, పరిశోధనలో తేలింది" అని తలుపు చూపించడానికి అంతకంటే మంచి కాగితం ఎక్కడ దొరుకుతుంది?

అలా డాక్టర్లు తలుపు చూపించిన ఆడవాళ్లలో కాజాలక్క ఒకతి. దర్జీ కొట్లో రెండో మిషను ముందు కూర్చుని కాజాలు తీసి బొత్తాలు కుడుతుంది. నెలలో కొన్నాళ్లు మొహం తెల్లకాగితంలా పాలిపోతుంది. ఒకసారి మిషను మీదే ఒరిగిపోతే దర్జీయే ఆమెను వెంటబెట్టుకుని భార్య దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె రక్తమూ ఆ పరీక్షల్లో ఉంది. ఆమెకూ అదే జవాబు. ఏమీ లేదు.

ఈ నెలాఖరుకు మేడమ్ రిటైరవుతోంది. ఆవిడ దగ్గర చదువుతున్న అమ్మాయి ఆ పాత పరీక్షలనే కొత్త పేషెంట్లతో, కొత్త పరికరం మీద మళ్లీ చేస్తోంది. సరిగ్గా ఆ వారాల్లోనే తమ్ముడికి కాలు విరిగితే దర్జీ సాయానికి ఊరెళ్లాడు. నార్మల్ గారు లేరు కదా అని ఆ అమ్మాయి హాస్టల్లో నలుగురు స్నేహితురాళ్లను పట్టుకొచ్చి రక్తం తీసింది. ఫలితం తారుమారైంది.

"నీ చెయ్యి తిన్నగా లేదు. మళ్లీ చెయ్యి" అంది మేడమ్.

"మళ్లీ చేశాను మేడమ్. మళ్లీ మళ్లీ చేశాను."

"అయితే ఇంకోసారి చెయ్యి. ఆడాల్సింది చెయ్యి, నోరు కాదు."

అమ్మాయికి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అయినా కదల్లేదు. "తిట్టండి మేడమ్, పడతాను. కానీ ఇవి చూసి తిట్టండి. మా హాస్టల్ వాళ్లందరివీ చకచకా తిరగేస్తున్నాయి. పేషెంట్లవే నెమ్మది. నిన్న నార్మల్ గారు ఊరి నుంచి రాగానే ఆయనదీ తీసి పెట్టాను. ఆయనవి పేషెంట్లవంత నెమ్మదిగా ఉన్నాయి. తేడా నా చేతిలో లేదు మేడమ్. నార్మల్ గారిలో ఉంది."

మేడమ్ చేతులు కడుక్కుని తనే పరీక్షకు కూర్చుంది. మధ్యాహ్నానికి వంకర బొటనవేలు కూడా అమ్మాయి మాటే చెప్పింది.

పేరు పోతుందనీ, పేపరు పోతుందనీ ఆవిడ మొదట అనుకోలేదు. ఈ మనిషికి ఏం జబ్బు వచ్చింది, అదీ ఆవిడకు తట్టింది. ఏళ్ల తరబడి తన చేతిలోనే ఉన్న రక్తం, తనే చూసుకోలేదు. కోటు కూడా విప్పకుండా ఎండలో గబగబా కొట్టుకు నడిచింది.

దర్జీ టీ తాగుతున్నాడు. బొత్తాల డబ్బా మూత తీసి, అందులోంచి ఒక మాత్ర నోట్లో వేసుకున్నాడు.

"ఏంటది?" అంది గుమ్మంలోంచే.

"ఏముందోయ్, నడుం నొప్పి మాత్ర. కోటేసుకుని వచ్చావేంటి?"

"ఎన్నాళ్ల నుంచి?"

ఆయన లెక్క వేసుకునేలోపు కాజాలక్క అందుకుంది. "టీ పడిందంటే మాత్ర పడాల్సిందే వదినా. నేను పనిలో చేరినప్పటి నుంచీ చూస్తున్నా. ఆ డబ్బాలో సగం బొత్తాలు, సగం మాత్రలు. ఏదో ఒకరోజు చొక్కాకి మాత్ర కుట్టి పంపిస్తాడు మా అన్న!"

మేడమ్ డబ్బాలోంచి మాత్రల అట్ట తీసి చూసింది. ఆస్పిరిన్. బల్ల అంచున కూర్చుంది. జబ్బు లేదు. ముందు అదొక్కటే గుండెకు అందింది. మిగతాది ఆ తర్వాత తెలిసొచ్చింది.

ఆ మాత్ర వేసుకుంటే ప్లేట్‌లెట్లు మొద్దుబారతాయి. పది రోజుల దాకా తేరుకోవు. అందుకే రక్తం ఇవ్వడానికొచ్చిన ప్రతి మనిషినీ ఆవిడ అడుగుతుంది, నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా అని. గోడకు కాగితం కూడా అంటించింది. అందరినీ అడిగింది. మొగుణ్ని అడగలేదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం, నాకు తెలియకుండా ఏం వేసుకుంటాడనే ధీమా. ఆయన రక్తం ఎప్పుడూ ఒకే తీరుగా ఉన్నదీ రోజూ ఒకే మాత్ర మింగడం వల్లే. అంటే ఆ ఆడవాళ్ల రక్తాన్ని ఆవిడ ఆరోగ్యవంతుడితో పోల్చనే లేదు. నెమ్మదిని నెమ్మదితో పోల్చి తేడా లేదని రాసింది.

కాజాలక్క టీ గ్లాసులు ఇచ్చి రావడానికి బయటికెళ్లింది. మేడమ్ గొంతు తగ్గించి ఆయనకంతా చెప్పింది. ఆయన మొహం మాడిపోయింది.

"నువ్వు అడగలేదుగా" అన్నాడు.

"గోడ మీది కాగితం చదవలేదా?"

"చదివాను. నిరుడు కళ్లజోడు మార్చాక."

"మరి చెప్పొద్దూ?"

ఆయన టేపు మెడలోంచి తీసి చుట్టాడు, మళ్లీ విప్పాడు. "చెప్తే ఇక రావద్దంటావు."

"రావద్దంటే మీకు పోయేదేముంది? సూదిపోటు తప్పేది."

"సూది కోసం వస్తానా నేను?" ఆయన తల ఎత్తలేదు. "నరం వెతుకుతావు చూడు. ఆ కాసేపు."

ఆవిడ మాత్రల అట్టను మళ్లీ బొత్తాల డబ్బాలో పెట్టి మూత వేసింది.

ఈ సంగతి కాజాలక్కకు అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేకపోయింది. మర్నాడు ముందు పెద్దసారు గదికి వెళ్లింది. సంస్థకు ఆయన అధిపతి. చల్లటి గది, అద్దంలాంటి బల్ల. ఆ బల్ల మీద ఏనాడూ ఒక చుక్క ఒలికిన గుర్తు లేదు.

"నెలాఖరుకి వెళ్లిపోతున్నారు. వీడ్కోలు సభ పెట్టాం, మీ ఆ పేపరు గురించే మాట్లాడటానికి బయటి వాళ్లను పిలిచాం. ఇప్పుడెందుకండీ ఈ తేనెతుట్టె? మీరెళ్లాక ఎవరో ఒకరు మెల్లగా సరిచేస్తారు. ఎవరు చచ్చిపోయారని?"

"ఎవరూ చావలేదు సార్. బతికుండగానే కారిపోతున్నారు" అంది ఆవిడ.

అక్కడినుంచి తిన్నగా కొట్టుకే వచ్చింది. కాజాలక్క మిషను తొక్కుతోంది. మేడమ్ నిలబడే చెప్పింది. సాగదీయలేదు, మెత్తటి మాటలు వెతకలేదు. మీ రక్తాన్ని పోల్చిన రక్తమే సరైంది కాదు, అది ఈయనది, రోజూ వేసుకునే మాత్రతో మొద్దుబారింది, ఏమీ లేదని నేను చెప్పిన మాట తప్పు, మళ్లీ చూడాలి.

మిషను ఆగింది.

"అంటే నా రక్తంలో తేడా ఉందన్నమాట."

"ఉండొచ్చు. చూస్తే తెలుస్తుంది."

"ఉండొచ్చేంటి వదినా? నాకు తెలీదా?" కాజాలక్క లేచి నిలబడింది. "మా ఆయన ఏమనేవాడో తెలుసా? నీకేం లేదని చదువుకున్నోళ్లే చెప్పారుగా, లే, నాటకాలాడకు అనేవాడు. వాడన్నాడంటే సరే. నేను కూడా అనుకున్నా వదినా. నాదే ఒళ్లు బద్ధకం అనుకున్నా. లేవలేక లేవలేక లేచి, నన్ను నేనే తిట్టుకున్నా."

కాజాలక్క దర్జీ వైపు తిరిగింది. "అన్నా, నీ నడుం విరిగిపోనూ! మాత్ర మింగేటప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"మాత్రే" అన్నాడాయన, ఏం చెప్పాలో తెలీక.

కాజాలక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. కుడుతున్న చొక్కాతోనే కళ్లు తుడుచుకుని, అది కస్టమరుదని గుర్తొచ్చి చటుక్కున వదిలేసింది.

"మందుందా దీనికి?"

"రక్తం పోవడం తగ్గించే మందుంది. పరీక్షలో తేలితే డాక్టరు కాదనలేడు."

"నా ఒక్కదానితో అవుతుందా? మిగతా వాళ్లో?"

"అందరినీ పిలుస్తాను. రాసింది తప్పని పత్రికలో నా పేరుతోనే వేయిస్తాను."

"నీ పేరు పోతుందేమో వదినా."

"పోతే పోనీ. నీ రక్తం అంతకంటే ఎక్కువే పోయింది."

అన్నట్టే చేసింది. పేపరును వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాసి పంపింది. కారణం దాచలేదు. పోలికకు వాడిన రక్తం నా భర్తది, ఆయన మాత్రలు వాడుతున్న సంగతి నేను అడగలేదు అని రాసింది. చదివి నవ్వుకున్నవాళ్లు ఉన్నారు, మొహం చాటేసినవాళ్లూ ఉన్నారు. వీడ్కోలు సభకు బయటి నుంచి ఎవరూ రాలేదు. పెద్దసారు రెండు ముక్కలు మాట్లాడి గడియారం చూసుకున్నాడు. మేడమ్ కూడా రెండు ముక్కలే మాట్లాడింది. అందులో ఒకటి: "ఈ అమ్మాయి చెయ్యి నా చేతికంటే తిన్నగా ఉంది."

రిటైరయ్యే ముందు వచ్చిన చివరి గురువారం కాజాలక్క ఆ కుర్చీలో కూర్చుంది. మేడమ్ ప్రతి ప్రశ్నా అడిగింది. తెలిసినవి కూడా. అమ్మాయి రక్తం తీసింది. పక్కన పెట్టిన గొట్టాలు హాస్టల్ పిల్లలవి. వాటి మీద నార్మల్ అని రాయలేదు, ఎవరి గొట్టం మీద వాళ్ల పేరు రాశారు. కాజాలక్క ప్లేట్‌లెట్లు నెమ్మదిగా, బద్ధకంగా తిరగేసుకున్నాయి. బద్ధకం వాటిది. ఆమెది కాదు. ఆ మాట రాసిన కాగితం పట్టుకుని కాజాలక్క డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇంతకుముందులా మెట్లు దిగలేదామె. చప్పుడు చేసుకుంటూ దిగింది.

దర్జీ వసారాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. అలవాటుగా వచ్చాడు, అలవాటుగా ఎడమ చేతి చొక్కా మోచేతి పైకి మడిచాడు. మేడమ్ స్టూలు ఈడ్చుకొచ్చి ఎదురుగా కూర్చుంది.

"నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా?"

"లేదోయ్. ఆ రోజు నుంచీ ముట్టుకోలేదు. మళ్లీ పిలుస్తావేమోనని."

"నడుం?"

"విరిగిపోతోంది."

"రేపు డాక్టరుకు చూపిద్దాం. ఈ పూటకు ఒకటి వేసుకోండి. ఇక మీ రక్తంతో నాకేం పని లేదు."

ఆయన మడిచిన చేతిని మెల్లగా కిందికి లాక్కోబోయాడు. ఆవిడ ఆపింది. పట్టీ లేదు, సూది లేదు. మోచేతి మడతలో రెండు వేళ్లు పెట్టింది.

లోపల ఎవరో గొట్టాలు కడుగుతున్నారు. చాలాసేపయ్యాక ఆయన అడిగాడు.

"దొరికిందా?"

"ఇంకా లేదు" అంది. "కదలకండి."