మేడ మీద తీగ

సోమవారం ఇంటిల్లిపాది బట్టలూ ఉతికి, తడిబుట్ట నడుముకానించుకుని ఐదంతస్తులెక్కడం ఒటీలీకి అలవాటే. ఆ వసంతంలో దీపాల కంపెనీ వాళ్లు న్యూయార్క్ వీధుల నిండా కొత్తగా కరెంటు తీగలు లాగారు. ఒకటి వీళ్ల మేడ మీదుగానే పోయింది. దాని తొడుగు అప్పుడే పీలికలైంది. ఓ సోమవారం గాలికి తడి దుప్పటి ఎగిరి దానికి తగిలింది. ఒటీలీ చెయ్యి ఝల్లుమంది. ఎవరో విసిరేసినట్టు వెల్లకిలా పడింది.

కిందికొచ్చి చెబితే భర్త కాస్పర్ నోట్లో చుట్ట తీయకుండానే నవ్వాడు. "తీగ కుట్టిందా? కందిరీగా అది? మీ ఆడవాళ్ల నరాలే అంత."

"మా దేశంలో మేం ఏట్లో మంచు పగలగొట్టి ఉతికేవాళ్లం" అంది అత్తగారు.

ఒటీలీని ఆ మాటలకన్నా ఇంకోటి ఎక్కువ బాధపెట్టింది. పడగానే తను మొదట చూసుకున్నది చేతిని కాదు, దుప్పటిని. చిరిగిందేమోనని! కాస్పర్ వేలు తెగిన రోజు ఇల్లంతా మునివేళ్ల మీద నడిచింది. తను చచ్చి బతికొచ్చి బంగాళాదుంపలు ఉడకేసింది.

మరుసటి సోమవారం బట్టలన్నీ ముందుగదిలో ఆరేసింది. సాయంత్రం కాస్పర్ పాటల బృందం సాధనకొచ్చింది. లావుపాటి లోరెంజ్ గొంతు సవరించుకునేసరికి నెత్తిన అత్తగారి లోపలి పావడా నీళ్లు కార్చింది.

"ఏంటమ్మా ఇది?"

"మేడ మీద తీగుందండీ. కావాలంటే మీరే ఆరేసి రండి."

వీరుడిలా ఎక్కిన లోరెంజ్ పాలిపోయిన మొహంతో దిగాడు. "తీగలోంచి నిప్పులు రాలుతున్నాయి కాస్పర్! దాని కింద పావురం చచ్చిపడుంది. అక్కడికి నా కుక్కని కూడా పంపను."

"నన్ను పంపారుగా" అంది ఒటీలీ.

ఎవరూ పాడలేదు. తను చెబితే నరాలు, లోరెంజ్ చెబితే ప్రమాదం! ఒటీలీకి నవ్వొచ్చింది, ఆపుకోలేదు. మర్నాడు బృందమంతా కంపెనీ గుమ్మంలో నిలబడి గొంతులు చించుకుంటే, వారం తిరక్కుండానే తీగ తీసేశారు.

"ఇక భయం లేదు, నిశ్చింతగా ఎక్కవే" అన్నాడు కాస్పర్, సోమవారం పొద్దున.

ఒటీలీ తడిబుట్ట తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. "భయం లేదుగా. ఇక నువ్వెక్కు." తను కూర్చుని కాఫీ పోసుకుంది.

కాస్పర్ తల్లి వంక చూశాడు. ఆవిడ తన కప్పు కోడలి ముందుకు జరిపింది. "నాక్కూడా కాఫీ పొయ్యవే" అని, కొడుకు మెట్లెక్కుతుంటే వెనకనుంచి కేకేసింది. "ఒరేయ్, దులిపి ఆరెయ్, ముడతలు పడతాయ్!"