అక్కది ఎడమ చెయ్యి

గుడ్డ తీసే వేళకి ముందే నేను ఫోటో చూసేశాను. చూడకూడదని ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేదాన్ని కాదు.

క్లబ్బు హాల్లో కుర్చీలు వేస్తున్నారు. సభకు ఇంకా టైముంది. పాత ఆటగాళ్ల ఫోటోలున్న గోడ దగ్గరకెళ్లి, కొత్త ఫ్రేము మీద కప్పిన నీలం గుడ్డ అంచు పైకెత్తాను. అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోటోలో అక్క కుడిచేత్తో బంతి విసురుతోంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా సాఫ్ట్‌బాల్ జట్టులో ఆమె పిచర్, అంటే బంతి విసిరే మనిషి. నేను క్యాచర్ని, బ్యాటు పట్టినావిడ వెనక గొంతుక్కూర్చుని ఆ బంతిని పట్టేదాన్ని. సాఫ్ట్‌బాల్ అని పేరే గానీ అందులో మెత్తనిదంటూ ఏమీ లేదు. నా చూపుడువేలే సాక్ష్యం, అది ఇప్పటికీ పక్కవేలితో చాడీలు చెబుతున్నట్టు అటే వంగి ఉంటుంది. జీవితంలో నేను మొగుడి మొహం కంటే అక్క మొహమే ఎదురుగా ఎక్కువసేపు చూసి ఉంటాను. ఆమె ఏ చేత్తో విసిరేదో నాకు ఒకరు చెప్పాలా?

చిన్నప్పుడు తినేటప్పుడు వాళ్లమ్మ ఆమె ఎడమ చేతిని కుర్చీకి రిబ్బనుతో కట్టేసేదట. మొక్కై వంగనిది మానై వంగునా అని ఆవిడ భయం. అక్క కుడిచేత్తో చెంచా ముట్టుకునేది కాదు, పళ్లెంలోకి మొహం పెట్టి తినేది. చివరికి వాళ్లమ్మే విసిగిపోయి కట్టు విప్పేసింది.

తర్వాత మా కోచ్ సారు పట్టాడు అదే పట్టు. ఎడమచేతి పిచర్ అంటే ఆయనకి పడదు. కుడిచేత్తో వేస్తేనే జట్టులో ఉంటావన్నాడు. ఆడాలన్న పిచ్చితో అక్క సరేనంది. ఆ ఏడాది మమ్మల్ని ఓడించనివాడు పాపాత్ముడు. ఒకరోజు ఆట మధ్యలో అక్క ఎడమచేతికున్న గ్లవ్ తీసి కుడిచేతికి తగిలించుకుంది. అది రెండో చేతి గ్లవ్, చిటికెనవేలి గూట్లో బొటనవేలు ఇరుక్కుంది. గీత అవతల కోచ్ సారు గొంతు చించుకుంటున్నాడు. అక్క ఎడమ చెయ్యి గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, నడుము పక్కనుంచి బంతి వదిలింది. నేను బంతిని చూడలేదు, అరచేతిలో చప్పుడు మాత్రం విన్నాను. బ్యాటు పట్టినావిడ బంతి ఇంకా వస్తుందేమోనని ఎదురుచూస్తూనే ఉంది! అవతలి జట్లు ఆమెని పుర్రచెయ్యి అని వెక్కిరించేవి. వెక్కిరించి, అవుటై, వెళ్లి కూర్చునేవి.

ఆట మానేశాక అక్క లాండ్రీలో ఇస్త్రీ పనికి చేరింది. అక్కడ బల్లలన్నీ ఒకే వైపుకు ఉండేవి, ఇస్త్రీపెట్టె తీగ కుడిపక్కన వేలాడేది. చేరిన రోజే అక్క తన బల్లని వెనక్కి తిప్పేసింది. వరస పాడైందని ఓనరు గొణిగితే, "బట్టల మీద ముడత కనిపిస్తే చెప్పండి, బల్లతో మీకేం పని?" అందట. సాయంత్రాలు ఇదే క్లబ్బులో పిల్లలకి బంతి నేర్పేది, చనిపోయే ముందు నెల దాకా.

ఆ మనిషికా కుడిచెయ్యి అంటగట్టారు!

క్లబ్బు ప్రెసిడెంటు గారు మైకు సర్దుతున్నారు. "ఏవండీ, ఈ ఫోటోలో ఉన్నావిడ ఎవరు?" అన్నాను.

"అదేంటమ్మా, మీ అక్కేగా!"

"మా అక్కకి ఆ చేత్తో బంతి కాదు కదా, తాళంచెవి తిప్పడం కూడా రాదు."

ఆయన గోడ చూపించారు. "చూడమ్మా, అందరూ గుమ్మం వైపు చూస్తున్నారా? మీ అక్క ఒక్కతే లోపలికి చూస్తోంది. ఎడ్డెమంటే తెడ్డెమన్నట్టుందని ఫ్రేముల షాపాయనతో చెప్పి కంప్యూటర్లో తిప్పించాను. చొక్కా మీద నంబరు పదకొండే కదా, తిప్పినా పదకొండే. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది."

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా? అయినా ఇప్పుడేం చేస్తాం, జనం వచ్చేస్తున్నారు."

మంచివాడే. క్లబ్బుకి పైకప్పు వేయించింది ఆయనే. కానీ ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అక్క కూతురు వచ్చింది. ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కళ్ల కింద గుంటలు. అంతా విని నా చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, ఈరోజు గొడవ వద్దు. అమ్మ మొహమే కదా అది. తర్వాత మార్పిద్దాంలే."

"గోడకెక్కింది తర్వాత దిగదే పిచ్చిదానా. రేపు చేరే పిల్లలకి మీ అమ్మంటే ఈ ఫోటోయే. ఆమె పడ్డ పోరంతా నీళ్లపాలు."

"నాకు ఓపిక లేదు పిన్నీ," అంది. ఆ మాటకి నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం మా ఇంటా వంటా లేదు, అయినా మూసుకున్నాను.

సభ మొదలైంది. మా జట్టువాళ్లు మోకాళ్లు పట్టుకుంటూ ముందు వరసలో కూర్చున్నారు. ప్రెసిడెంటు గారు చీటీ చూడకుండా మాట్లాడారు. "ఆవిడ క్రమశిక్షణకి మారుపేరు. పెద్దల మాట ఏనాడూ జవదాటి ఎరగరు."

నాకు నవ్వాగలేదు. గట్టిగానే నవ్వాను. హాలంతా ఇటు తిరిగింది. ఆయన గొంతు సవరించుకుని, గుడ్డ తీయడానికి నన్నే పిలిచారు.

వెళ్లాను. గుడ్డ తీయలేదు. గుడ్డతో సహా ఫ్రేముని మేకు మీంచి దించి చంకలో పెట్టుకున్నాను.

"ఇది తప్పు ఫోటో," అన్నాను, మైకు అక్కర్లేకుండా. "మా అక్కది ఎడమ చెయ్యి. దీన్ని అద్దంలోలాగా అటుది ఇటు తిప్పేశారు. సరైంది వచ్చేదాకా ఈ గోడ మీద మేకే ఉంటుంది."

గుసగుసలు లేచాయి. ప్రెసిడెంటు గారి మొహం కందిపోయింది. "అమ్మా, నలుగురిలో ఇదేం పని? నిజం చెప్పాలంటే చూడ్డానికి ఇదే బాగుంది. అందరిలాగా సరైన చేత్తో వేస్తున్నట్టుంది." అక్క కూతురి వైపు తిరిగారు. "నువ్వైనా చెప్పమ్మా మీ పిన్నికి."

ఆ పిల్ల లేచింది. ఇక నాకు అక్షింతలే అనుకున్నాను.

"ఏ చేత్తో అన్నారు?" అంది ఆయనతో.

తన ఎడమ చెయ్యి పైకెత్తింది.

"మా స్కూల్లో టీచరు అచ్చం ఇదే మాట అని నా పెన్సిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చింది. మా అమ్మ లాండ్రీ పని వదిలేసి వచ్చి, క్లాసులో నా పక్కన ఆ చిన్న బెంచీ మీద కూర్చుంది. పెన్సిలు మళ్లీ ఈ చేతికొచ్చేదాకా లేవలేదు." నా చంకలోని ఫ్రేము వైపు వేలు చూపించింది. "మొక్కప్పుడే వంగలేదండీ మా అమ్మ. చచ్చిపోయింది కదా, ఇప్పుడైనా వంచుదామనుకున్నారా?"

వచ్చి నా చంకలోంచి ఫ్రేము లాక్కుంది. "పద పిన్నీ."

బయల్దేరాం. వెనక్కి చూస్తే మా జట్టంతా లేచి వస్తోంది, కుంటేవాళ్లు కుంటుతూ, ఊతకర్ర ఉన్నవాళ్లు ఊతకర్రతో. రోడ్డు దాటుతుంటే కార్లు ఆగాయి. ఆగవూ మరి!

ఫ్రేముల షాపు సందు చివర, జిగురు వాసన కొడుతూ ఉంటుంది. అంతమంది ముసలమ్మల్ని ఒక్కసారి చూసి షాపాయన బెదిరిపోయాడు. "తిప్పమన్నారు, తిప్పానండీ. నాదేం లేదు," అంటూనే కంప్యూటర్లో ఒక మీట నొక్కాడు. అంతే పని. అంతకే ఇంత రాద్ధాంతమా అంటారేమో. అంత సులువుగా మనిషిని మార్చేయగలిగారనే నా మంట.

ప్రెసిడెంటు గారు చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. "సరేనమ్మా, మార్పించండి. కానీ వరసలో ఆవిడ ఒక్కతే లోపలికి..."

"లోపలికే చూస్తుందండి," అంది కూతురు.

యంత్రంలోంచి కాగితం మెల్లగా బయటికొచ్చింది. జుట్టు, ముడిచిన కనుబొమలు, బిగించిన పెదవి. కుడిచేతికి గ్లవ్. ఆ తర్వాత ఎడమ చెయ్యి, నడుము పక్కన, వేళ్ల చివర బంతి, ఇంకా వదల్లేదు.

ఇందాక గుడ్డ కింద చూసిన ఆ మనిషి నా వైపు ఏమీ విసరలేదు. ఈమె విసరబోతోంది. అక్క పోయిందని ఫోనొచ్చినప్పుడు కూడా ఏడవనిదాన్ని, ఆ షాపులో కళ్లముందు అంతా మసకబారింది. మోకాళ్లు వాటంతటవే వంగాయి. గ్లవ్ లేని ఎడమ చెయ్యి ఛాతీ ముందుకు లేచి తెరుచుకుంది. అందరూ నన్నే చూస్తున్నారు. చూడనీ.

"వెయ్యక్కా," అన్నాను.