డ్యూటీ బెంచీ

సింహాచలం అప్పన్న దగ్గర కూడా డ్యూటీకి వెళ్ళేవాళ్ళ వరుస, వెళ్ళనివాళ్ళ వరుస వేరువేరుగా ఉంటాయా? దీపం పెట్టేటప్పుడల్లా జోగమ్మకి ఈ అనుమానం వస్తూనే ఉంది, ఖరగ్‌పూర్ నిమ్‌పురా క్వార్టర్‌లో క్షయ పట్టుకున్న ఏడాది నుంచీ.

ఆ రోజుల్లో క్షయకి సూదిమందు రైల్వే ఆసుపత్రికి కొద్దిగానే వచ్చేది. ముందు డ్యూటీవాళ్ళకి, మిగిలితే వాళ్ళ ఇంటివాళ్ళకి ఇవ్వమని పైనుంచి ఉత్తర్వు. "మగోడు లేస్తే కదా బండి నడుస్తాది. ఆడది నిదానంగా లెగొచ్చు" అంది అత్త అప్పలనర్సమ్మ. ఆ నిదానంలోనే జోగమ్మ బొగ్గుల కుంపటి ఊదింది, ఇంటిల్లిపాదికీ వండింది, రక్తం పడిన గుడ్డలు తనే ఉతుక్కుంది. వర్క్‌షాపులో పనిచేసే మొగుడు నూకరాజు ఒళ్ళు వెచ్చబడితే సిక్కు పెట్టి సెలవులో ఉంటాడు, తగ్గితే ఫిట్టై డ్యూటీకెళ్తాడు. తనకి సిక్కూ లేదు, ఫిట్టూ లేదు.

ఒకనాడు ఆసుపత్రి వరండాలో డ్యూటీవాళ్ళ బెంచీ మీదనుంచి ఆలిస్ లేచింది. వార్డులో ఆయాగా చేస్తూ అదే జబ్బు తెచ్చుకున్న మనిషి. తన వంతు సూదిమందు వదులుకుని, జోగమ్మని తన చోట కూర్చోబెట్టింది. "సోటే కదా పిల్లా. మళ్ళీ మందొస్తే నాను తీసుకుంటాను." మళ్ళీ వచ్చేసరికి వానాకాలం వెళ్ళిపోయింది. ఆలిస్ బతికింది గాని, ఒక ఊపిరితిత్తి పాడైపోయింది.

ఇప్పుడు ఆలిస్ రిటైరైంది. జబ్బు తిరగబెట్టింది. పాత మందుకి లొంగడం లేదు. కొత్త మందు వచ్చింది గాని ఉత్తర్వు పాతదే. రిటైరైనవాళ్ళు అందరికన్నా వెనక.

ఆ ఉదయం జోగమ్మ దేవుడికి దీపం పెట్టింది. కుంపటి మాత్రం వెలిగించలేదు.

"ఏటే, కేరియరేదీ?" అన్నాడు నూకరాజు.

"ఈవేళ నాను సిక్కు."

"నీకు సిక్కేటే? ఏ డ్యూటీ సేస్తన్నావని?"

"అదడగడానికే ఆలిసప్పని తీసుకుని ఆసుపత్రికి ఎల్తన్నాను."

"ఆ కిరస్తానీదాని కోసం మొగుణ్ణి పస్తుంచుతావేటి?" అంది అత్త.

"దానివల్లే కదత్తా ఇన్నాళ్ళూ మీకు వండినాను. డబ్బాలో అటుకులున్నాయి."

ఆలిస్‌ని నడిపించుకెళ్ళి డ్యూటీ బెంచీ మీద కూర్చోబెట్టింది. అప్పటినుంచీ అక్కడే పనిచేస్తున్న కాంపౌండర్ వెంకటరావు వచ్చాడు.

"జోగమ్మా, ఈవిడ రిటైరు. అవతల కూర్చోమను. రూలు నేను పెట్టింది కాదు, పైవాళ్ళది."

"పైవాళ్ళు ఈ బెంచీ మీద ఎప్పుడైనా కూకున్నారా బాబూ?"

వెంకటరావు చేతిలోని పేర్ల చీటీ చూసుకున్నాడు.

"ఈ సోటు ఆలిసప్పది. ఇన్నేళ్ళూ నా దగ్గరుండిపోనాది. నాకిచ్చిననాడు నువ్వూ సూసినావు. తిరిగిచ్చేస్తన్నాను."

బెంచీ చివరనున్న ఫైర్‌మన్ జరిగాడు. "బైఠియే దీదీ" అంటూ జోగమ్మకి కూర్చోమని చోటు చూపించాడు. ఆమె కూర్చోలేదు, కదలనూ లేదు.

 వెంకటరావు డాక్టరు గది తలుపు తీసి, మొదటి పేరు పిలిచాడు.

"ఆలిస్."