పడుకోబెట్టిన రాయి

అడవి అంచున ఉన్న పాత ఫారెస్టు బంగళాను ఖరీదైన హోటలుగా మార్చారని విన్నప్పటి నుంచి గోపాలుది ఒకటే పట్టుదల. జీవితమంతా ఆ బంగళాకు కట్టెలు మోసినా తన తండ్రి ఒక్కనాడూ మెట్టెక్కలేకపోయిన ఆ వసారాలో తల్లిని దర్జాగా కూర్చోబెట్టాలి. సైన్సు మాస్టరయ్యాక ఆ పని చేయగలిగాడు. గది తీసుకుని తల్లి ముత్తక్కను వెంటబెట్టుకొచ్చాడు.

తోట దాటుతూ ముత్తక్క ఆగిపోయింది. బెంచీలా పరిచిన పొడవాటి రాయిని, దాని ఎర్రటి చారను తడిమింది. భర్త పోయినప్పుడు కోయగూడెమంతా వాగులోంచి మోసుకొచ్చి, ఆయన పేరున నిలబెట్టిన రాయి అది. ఏటా దానికి కల్లు పోసి మొక్కేవారు. 2006 వరదకు ఊరు తరలిపోయాక అదేమైందో ఎవరూ చూడలేదు.

"మీ అయ్యను పండబెట్టిన్రు బిడ్డా. లేపు."

"రాయికి పాణముంటదా అవ్వా?"

"అదంత నాకెరుక లేదు. నువ్వైతే లేపు."

గోపాలు వంగి రెండు చేతులా పట్టి లాగాడు. సిమెంటుతో బిగించిన రాయి కదలలేదు. మేనేజరు పరుగున వచ్చాడు.

"ఏంది సార్, గెస్టులు కూసునే బెంచీని గట్ల పీకుతున్నరు?"

"మా నాయన పేరున నిలిపిన రాయి ఇది."

"గిట్లాంటివి ఇంకా శానా తెచ్చినం. అన్నీ మీ నాయనలేనా? రుజువేంది?"

ప్రతిదానికీ రుజువడగమని పిల్లలకు నేర్పిన గోపాలు రాయి మీంచి చేతులు తీశాడు.

ముత్తక్క వసారా వైపు చూడనైనా చూడలేదు. రాయి పక్కనే నేల మీద చతికిలబడింది. కాసేపటికి పట్నం దంపతులు వచ్చి ఆ రాయి మీద కూర్చుని టీ తెప్పించుకున్నారు. ఆమె కాస్త జరిగి, వాళ్ల కాళ్లకు చోటిచ్చింది.