గాలీ ఎండా ఏడు వారాలూ

మా ఆయన ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాదికి మేం పడవ కొన్నాం. మేం అంటే ముగ్గురం: ఆయన, నేను, మా తమ్ముడు. పాత పడవే, తెరచాపది, ముప్ఫై నాలుగు అడుగుల పొడవు. ఇద్దరు హాయిగా, ముగ్గురు సర్దుకుని అందులో బతకొచ్చు. ఆరు నెలల పాటు దీవి నుంచి దీవికి తిరిగి రావాలని మా ఆలోచన. సోఫా కవర్లూ కర్టెన్లూ కుట్టే నా కొట్టుకి తాళం వేసి, చేతిలో ఉన్న పనులన్నీ పక్క కొట్టు దర్జీకి అప్పగించి, కుట్టు మిషను వెంటబెట్టుకుని వచ్చాను. తీరా వచ్చాక ఆ పడవ ఆరు వారాలు నీళ్ళు ముట్టుకోలేదు. పడవల యార్డులో చెక్క దిమ్మల మీద, ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ అలాగే నిలబడి ఉంది. మేం నిచ్చెన ఎక్కి పైకి పోవడం, నిచ్చెన దిగి కిందికి రావడం. అదే మా ప్రయాణం.

తగువు ఒక్కటే. సముద్రం మీదికి వెళ్ళాక ఫ్రిజ్జుకీ, లైట్లకీ, రేడియోకీ, చుక్కానిని తనంతట తాను తిప్పే ఆటోపైలట్‌కీ కరెంటు కావాలి. ఇంజను నడిపి బ్యాటరీలు నింపుకోవచ్చు గాని, రోజూ గంటల తరబడి ఆ మోతా ఆ పొగా భరించలేం. అందుకని పడవ మీద గాలిమర పెట్టాలా, సోలార్ ప్యానెళ్ళు పెట్టాలా అన్నది ప్రశ్న.

మా ఆయన ముప్ఫై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్స్ చెప్పారు. ఆయనది సోలార్ పక్షం. గ్రాఫు కాగితం మీద సూర్యుడు ఏ గంటకి ఎంత పైకొస్తాడో గీసి, ఆ గీత కింద ఉన్న గళ్ళన్నీ లెక్కపెట్టి, ఇన్ని గళ్ళు కరెంటు వస్తుందని తేల్చారు. మా తమ్ముడు లిఫ్టు మెకానిక్. వాడిది గాలిమర పక్షం. తిరిగే వస్తువంటే వాడికి నమ్మకం. ఒకచోట పడుండి పనిచేస్తానంటే వాడు మనిషినైనా నమ్మడు.

"బావా, రాత్రిపూట ఎండ కాస్తుందా?" అంటాడు వాడు.

"గాలి మాత్రం నువ్వు పిలిస్తే వస్తుందా?" అంటారు ఈయన.

ఈ రెండు మాటలూ మొదటి రోజు విని నవ్వాను. పదో రోజుకి పళ్ళు నూరడం మొదలుపెట్టాను. ఎందుకంటే నా పని వీళ్ళ తీర్మానం దగ్గర ఆగిపోయింది. పడవ వెనక కూర్చునే చోటు మీద నీడకి గుడ్డ కప్పు కుట్టాలి. గాలిమర పెడితే దాని స్తంభం కుడి మూలగా పైకొస్తుంది కాబట్టి అక్కడ గుడ్డని గుండ్రంగా కత్తిరించి, అంచుకి దళసరి పట్టీ వెయ్యాలి. ప్యానెళ్ళు పెడితే మూల కత్తిరించక్కర్లేదు గాని, వాటి బరువు ఆగడానికి నడుమ రెండు చోట్ల గొట్టాలు దూర్చే జేబులు కుట్టాలి. సోమవారం గాలిమర గెలిచిందని మూల కత్తిరించాను. గురువారం ప్యానెళ్ళు గెలిచాయని ఆ మూలకి అతుకు వేసి జేబులు కుట్టాను. పై మంగళవారం మళ్ళీ గాలిమర గెలిచింది. ఆ గుడ్డ దళసరిగా అట్టలా ఉంటుంది. కుట్లు విప్పితే వేలి కొసలు కందిపోతాయి. గుడ్డ చుట్ట క్యాబిన్లో నా మంచం మీదే ఉండేది. దాన్ని నిలబెట్టి, పక్కన నేను ముడుచుకుని పడుకునేదాన్ని.

మూడో వారం మా తమ్ముడు ఎవరినో అడిగి ఒక గాలిమర తెచ్చాడు. చూడటానికి టేబుల్ ఫ్యానుకి పెద్దన్నలా ఉంది. దాన్ని ఇనుప గొట్టానికి బిగించి పడవ వెనక కట్టాడు. ఆ మధ్యాహ్నం గాలి బాగానే లేచింది. రెక్కలు కనబడకుండా తిరిగాయి, మీటరు ముల్లు పైకి లేచింది, వాడి ముఖం వెలిగిపోయింది. కాని గొట్టం గుండా ఆ వణుకు పడవంతా పాకింది. అలమరాలో గిన్నెలు గలగలలాడాయి. దిండు మీద తల పెడితే పళ్ళు జివ్వుమన్నాయి. కాసేపటికి పక్క పడవలో ఒంటరిగా ఉండే రిటైర్డు నర్సు నిచ్చెన కింద నిలబడి, ఆ చప్పుడు ఏమిటని మర్యాదగా అడిగింది. మా తమ్ముడు అది ఉచితంగా వచ్చే కరెంటు అని వివరించాడు. ఉచితంగా వచ్చే తలనొప్పి కూడా అని ఆమె అంతే మర్యాదగా చెప్పి వెళ్ళింది. మా ఆయన ఆ పూటంతా చాలా సంతోషంగా ఉన్నారు.

ఆ సంతోషం రెండు రోజులే. ఆయన రెండు ప్యానెళ్ళు తెప్పించి పడవ ముందు భాగం మీద పరిచారు. తొమ్మిదింటికి తెరచాప కొయ్య నీడ మొదటి దాని మీద పడింది. వేలెడు వెడల్పు నీడ పడితే చాలు, ప్యానెలు సగానికి సగం చచ్చిపోతుందని ఆయనే పాఠం చెప్పారు. ఆ పాఠం చెబుతూనే ప్యానెళ్ళని ఎడమకి జరిపారు. పదకొండింటికి అడ్డకర్ర నీడ, పన్నెండున్నరకి తాళ్ళ నీడ. ఆరేసిన బట్టల్ని వాన చూసి లోపలికీ బయటికీ తిప్పినట్టు సాయంత్రం దాకా వాటిని మోసుకుని తిరిగారు. మా తమ్ముడు సుద్దముక్క పట్టుకుని, గంట గంటకీ నీడ ఎక్కడుందో పడవ మీద గీతలు గీస్తూ ఆయన వెనకే నడిచాడు. పడవంతా సుద్ద గీతలే. కడిగింది నేను.

ఇక లాభం లేదని యార్డు ఎలక్ట్రీషియన్ని పిలిచాను. పెద్దాయన, చెవి వెనక పెన్సిలు. ఇద్దరూ రెండు వైపులా నిలబడి, ఆయన చెవుల్లో ఎవరి వాదన వాళ్ళు పోశారు. ఆయన అంతా విని, మీరు రోజుకి ఎంత కరెంటు వాడతారని ఒక్కటే అడిగాడు. ఇద్దరూ ఎంత వస్తుందో ఏడు రకాలుగా లెక్కేశారు గాని, ఎంత కావాలో ఎవరూ చూడలేదు. అది తేలాక పిలవమని చెప్పి ఆయన నిచ్చెన దిగిపోయాడు.

ఆ లెక్క నేను పట్టాను. మూడు రోజులు నోటు పుస్తకం పక్కన పెట్టుకుని, ఏది ఎంతసేపు వేశామో రాశాను. సగానికి పైగా ఫ్రిజ్జే మింగుతోంది. చూస్తే దాని మూత చుట్టూ ఉన్న రబ్బరు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి ఉంది. చల్లదనమంతా ఆ సందుల్లోంచి పోతోంది. మూతకి కొట్టు నుంచి తెచ్చిన దళసరి స్పాంజి ముక్క కోసి, పైన వాటర్‌ప్రూఫ్ గుడ్డ తొడిగి, చుట్టూ గట్టిగా కుట్టి అంటించాను. మర్నాటికి వాడకం మూడో వంతు తగ్గింది.

ఆ సంగతి టీ తాగుతూ వాళ్ళకి చెప్పాను. బాగా చేశావన్న మాట వస్తుందని ఆశ పడ్డాను కూడా.

"అయితే చిన్న గాలిమర సరిపోతుంది," అన్నాడు మా తమ్ముడు.

"అయితే రెండు ప్యానెళ్ళు చాలు," అన్నారు మా ఆయన.

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆరో వారం గడిచిపోతోంది. వాతావరణం మాకు అనుకూలంగా ఉండేదే ఆ ఆరు నెలలు. అందులో ఒకటిన్నర నెల నిచ్చెన మీదే అయిపోయింది. మర్నాడు యార్డు ఆఫీసుకి వెళ్ళి, పడవని నీళ్ళలోకి దించే క్రేను రాయించి వచ్చాను. గాలిమర ఒక పక్క కట్టండి, ప్యానెళ్ళు ఒక పక్క కట్టండి, మూడు రోజులు నీళ్ళ మీద ఉండి ఏది పనికొస్తే అది ఉంచుదాం అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరి గెలుపు వాళ్ళకి కనబడుతోంది మరి.

నాలుగు గంటల దూరంలో ఉన్న ఒక చిన్న బేలో లంగరు వేశాం. మూడు పక్కలా కొండ. నీళ్ళు గిన్నెలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. పొద్దుటికి గాలిమర రెక్క మీద ఒక నీటికాకి వచ్చి కూర్చుంది. మా తమ్ముడు దాన్ని అదిలించాడు. అది ఎగిరినప్పుడు రెక్క అర చుట్టు తిరిగింది. రెండు రోజుల్లో అది తిరిగింది అంతే. ప్యానెళ్ళు మాత్రం వెనక కొసన నీడ పడని చోట ఉండబట్టి, మధ్యాహ్నానికల్లా బ్యాటరీలని నింపేశాయి. అయినా మా తమ్ముడు తగ్గలేదు. ఈ బే మంచిది కాదన్నాడు. గాలి బాగా వీచే చోటికి పోయి లంగరు వేద్దామన్నాడు.

అప్పుడు నాకు చిర్రెత్తుకొచ్చింది. చేతిలో కత్తెర పక్కన పెట్టి అడిగాను.

"ఒరేయ్, మనం లంగరు వెయ్యడానికి ఎలాంటి చోటు వెతుక్కుంటాం?"

"గాలీ అలలూ లేని చోటు."

"మరి అక్కడ గాలిమర ఎందుకురా?"

మా ఆయన ఏదో అనబోయారు.

"మీరేం మాట్లాడకండి. ప్యానెళ్ళు పెడుతున్నాం. అయిపోయింది. గుడ్డ కత్తిరించేస్తున్నాను, ఇక ఈ పడవ మీద ఈ ముచ్చట ఎవరెత్తినా వంట మానేస్తాను."

యార్డుకి తిరిగి వచ్చాక ప్యానెళ్ళని నిలబెట్టే చట్రం చేసింది మా తమ్ముడే. ఓడిపోయినవాడు మూతి ముడుచుకుని చేస్తాడేమో అనుకున్నాను. నాలుగు రోజుల్లో గొట్టాలు వంచి, వెల్డింగు చేసి, ఎండ ఎటుంటే అటు వాల్చుకునేలా మడత బందులు పెట్టాడు. గెలిచిన మా ఆయన పక్కన నిలబడి, అడిగినప్పుడు తప్పు సైజు స్పానర్లు అందించారు. నేను ఒక రోజులో కప్పు కుట్టేశాను. ఏడో వారం ఆఖరున బయలుదేరాం.

మొదటి పది రోజులూ బాగా గడిచాయి. ఆ తర్వాత దూరపు దీవులకి ఐదు రోజుల దారి పట్టాం. రెండో రోజు పొద్దున మబ్బు మూసింది. గాలి మటుకు వెనక నుంచి ఒకే తీరుగా వీస్తోంది, పడవ బాగానే పోతోంది. మూడో రోజూ మబ్బే. నాలుగో రోజు పొద్దున బ్యాటరీ ఎంతుందో చూసి, ఇంజను నడపడం ఎవరికీ ఇష్టం లేక ఫ్రిజ్జు ఆపేశాను. ఆటోపైలట్ కూడా ఆపి, రెండేసి గంటల చొప్పున ఒక్కొక్కరం చుక్కాని పట్టాలని వంతులు వేశాను. మా ఆయన గుడ్డ పట్టుకుని గంటకోసారి ప్యానెళ్ళు తుడిచి వచ్చారు, మబ్బు వాటి మీద దుమ్ములా పడిందన్నట్టు. నేను చూస్తున్నానని తెలిసి నా వైపు చూసేవారు కాదు.

నేను ఎదురుచూస్తున్నది మా తమ్ముడి మాట కోసం. 'చెప్పానా' అని వాడు ఒక్క మాట అంటే, దానికి జవాబు రెండు రోజులుగా నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. వాడు అనడే. చుక్కాని పట్టుకుని, కాళ్ళు బారజాపుకుని, ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆ నాలుగో రోజు మధ్యాహ్నం నా వంతు వచ్చింది. మా ఆయన లోపల నిద్రపోతున్నారు. వాడి పక్కన కూర్చున్నాను.

"అనరా. అనెయ్."

"ఏమనాలి?"

"గాలిమర ఉంటే ఇప్పుడు తిరిగేదని."

వాడు తెరచాప కేసి ఓసారి చూశాడు. "పెద్దగా తిరిగేది కాదక్కా. గాలి వెనక నుంచి వస్తోంది, మనం దానితోపాటే పోతున్నాం. పడవ మీద ఉన్నవాళ్ళకి గాలే తగలట్లేదు చూడు."

చెయ్యి చాపి చూశాను. నిజమే. జాకెట్టు చెయ్యి కూడా కదల్లేదు.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"సుద్దతో నీడలు గీశాను కదా, అప్పుడు కూర్చుని రెండూ లెక్కేశాను. వెనక కొసన పెడితే ప్యానెళ్ళే మేలని తేలింది."

అది మూడో వారం. ఆ తర్వాత నాలుగు వారాలు నేను కుట్లు విప్పాను, అతుకులు వేశాను, గుడ్డ చుట్ట పక్కన ముడుచుకుని పడుకున్నాను.

"మరి ఎందుకు వాదించావురా?"

"బావ వాదిస్తున్నాడు కదా." వాడు చుక్కాని కొంచెం సర్దాడు. "రిటైరయ్యాక ఏడాదంతా ఆ కుర్చీలో ఎలా కూర్చున్నాడో నువ్వే చెప్పావు. పేపరు కూడా తిప్పడం లేదన్నావు. ఆ గ్రాఫు కాగితాలు తీసిన రోజు చూశావా ఆయన్ని? నేను సరేనంటే ఆ పూటతో అయిపోయేది."

చూశాను. ఆ రోజు ఆయన అన్నం తింటూ కూడా గళ్ళు లెక్కపెట్టారు. పొద్దున్నే గడ్డం గీసుకుని, తమ్ముడికంటే ముందు నిచ్చెన ఎక్కారు. అదంతా నాకు తెలియనిది కాదు. తెలిసినంత మాత్రాన కోపం పోతుందా? వీళ్ళిద్దరి మధ్య జరిగిన వైద్యానికి మందు ఖర్చంతా నా వేలి కొసలది. ఆ మాటే వాడితో అన్నాను. వాడు నవ్వబోయి, నా ముఖం చూసి మానేశాడు.

"బావకి చెప్తావా?" అన్నాడు.

"నీకెందుకు? నీ పని చూడు. నా వంతు రెండు గంటలూ నువ్వే పట్టు. బావ వంతూ నువ్వే, ఆ తర్వాత నీ వంతు ఎలాగూ ఉంది."

వాడు కిక్కురుమనకుండా పట్టాడు. నేను లోపలికి వెళ్ళాను. మా ఆయన తడిగుడ్డ చేతిలో పట్టుకునే పడుకున్నారు. గుడ్డ తీసి, ఆరేసి, పక్క మంచం మీద ఒళ్ళు వాల్చాను. చుట్ట లేని ఆ మంచం మీద కాళ్ళు పూర్తిగా చాపుకుని, సాయంత్రం దాకా లేవలేదు.