సలోమీ చేతిలో ఆక్సిజన్

నేను ఒక కొయ్య బంతిని. ఏటికొప్పాకలో లక్కబొమ్మల మధ్య పుట్టినా నాకు కళ్లూ మూతీ పెట్టలేదు, నాలుగు చిల్లులు పెట్టారు. "ఇదేం బొమ్మమ్మా?" అని చేసినాయన నవ్వితే, "ఆక్సిజన్" అంది నన్ను చేయించుకున్న విమలాంబ మేడం. ఆవిడ గవర్నమెంటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్.

రెండు చిల్లుల్లో పుల్లలకు గుచ్చిన చిన్న బంతులు, హైడ్రోజన్లు. మిగతా రెండింట్లో కోడిగుడ్డంత ఉండలు. పిల్లలు ఏళ్ల తరబడి నన్ను చూసి, నీటి అణువు వంగి ఉంటుందని రాసి మార్కులు తెచ్చుకున్నారు. ఎందుకు వంగిందని ఒక్కరూ అడగలేదు.

ఓ జూన్‌లో సలోమీ వచ్చింది. పుట్టుకతోనే చూపు లేదు. ఎంపీసీ కావాలంది.

"ఆర్ట్స్ తీసుకోమ్మా. ల్యాబులో నీకేం కనబడుతుంది?" అన్నాడు ప్రిన్సిపాల్ రంగనాయకులు.

మేడం నన్ను తెచ్చి ఆ పిల్ల చేతుల్లో పెట్టింది. వేళ్లు మెల్లగా తడిమాయి.

"ఈ లావుగా ఉన్నవేంటి మేడం?"

"ఎలక్ట్రాన్ జంటలు. ఎవరితోనూ పంచుకోకుండా ఆక్సిజన్ తనే ఉంచుకున్నవి. కళ్లున్నవాళ్లకీ కనబడవు."

"అయితే అందరం ఒకటే. ఈ నాలుగూ ఒకదాన్నొకటి నెట్టుకుని వీలైనంత దూరం జరిగాయి. అందుకే చిన్నవి రెండూ ఎదురెదురుగా నిలబడలేక వంగాయి. అంతేనా?"

నా ఒళ్లు ఝల్లుమంది.

"బాగానే బట్టీ పట్టించారు," అన్నాడు ప్రిన్సిపాల్. "అమోనియా చెప్పమనండి."

"నైట్రోజన్‌కి ఒంటరి జంట ఒకటే, హైడ్రోజన్లు మూడు," అని మాత్రం చెప్పింది మేడం.

సలోమీ ఒక ఉండ పీకి, అక్కడ మేడం అందించిన ఇంకో చిన్న బంతి గుచ్చి, నన్ను బల్లమీద నిలబెట్టింది. "ముక్కాలి పీట సార్. పైన ఉండ కాళ్లని కిందికి నెడుతుంటే అవి చదునుగా ఎలా పరుచుకుంటాయి?"

ఆయన వంగి నన్ను చూశాడు. "తెలివైనదానివే. కానీ యాసిడ్లూ అవీ..."

"యాసిడ్ ఎవరినైనా కాలుస్తుంది సార్." నన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంది. "సీటిచ్చేదాకా దీన్ని వదలను."

వరండాలో బెంచీ మీద కూర్చుంది. భోజనానికీ లేవలేదు. ఆ పిల్ల అరచేతుల చెమటకి నా లక్క జిగటెక్కింది. మేడం వచ్చి పక్కన కూర్చుంది. సాయంత్రం గంట కొట్టాక ప్రిన్సిపాల్ బయటికొచ్చి, ఇద్దరినీ చూసి, "రేపు క్లాసుకి రా" అని చరచరా వెళ్లిపోయాడు. ఓడినట్టు కనబడకూడదనుకుంటే మనుషులు అలాగే నడుస్తారు.

ఇప్పుడు ప్లాస్టిక్ కిట్లు వచ్చాయి. నన్ను విరిగిన కుర్చీలతో పాటు స్టోరులో పడేశారు. పడేయనివ్వండి. సలోమీ వేరే ఊళ్లో కెమిస్ట్రీ చెబుతోంది. పిల్లల చేత కళ్లు మూయించి, బంకమట్టితో అణువులు చేయిస్తుందట. ఇదేం చదువు, ఆపండని ఎవరో పెద్దమనిషి అన్నాడట.

ఆపలేదు.